లేని మనిషి వండిన పప్పు

యెకాతిత్ 18, మంగళవారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి గీకినట్టుంది. ఇవాళ్టికి ఇంతే.

యెకాతిత్ 19, బుధవారం

ఈస్టరు ముందు వచ్చే మా పెద్ద ఉపవాసం మూడో రోజు. ఇంకా యాభై రెండు ఉన్నాయి. పాలు, నెయ్యి, గుడ్డు, మాంసం ముట్టకూడదు. మధ్యాహ్నం మూడు దాకా మంచినీళ్ళు కూడా లేవు. చిన్నప్పటినుంచీ అలవాటే కాబట్టి ఉపవాసం నన్నేం చెయ్యదు. ఈ నాలుగంతస్తుల మెట్లే చంపుతున్నాయి.

మా ఆయన మెకూరియా బరువు నలభై ఆరున్నర కిలోలు. యాభైకి రాకపోతే కడుపు కొయ్యనన్నాడు డాక్టరు. నన్ను పక్కకి పిలిచి, "ఈ ఒంటితో బల్ల ఎక్కిస్తే దింపడం నా చేతుల్లో ఉండదమ్మా" అన్నాడు. మెగాబిత్ నెలాఖర్లో మళ్ళీ తూకం చూస్తారు.

పాలు, గుడ్లు తీసుకోమని మా ఇంటి గురువు, క్రీస్తు గుడి పూజారి జెకారియాస్ తండ్రి కూడా అనుమతి ఇచ్చేశారు. రోగికి ఉపవాసం లేదు, పాపం వస్తే నాకు రానీ అన్నారు. మా ఆయన వింటేనా? ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపినవాడు. రూటు మార్చడం రాదు.

"నలభై ఏళ్ళలో ఒక్కసారి తప్పలేదు. చచ్చే ముందు తప్పనా?" అన్నాడు.

"చచ్చే ముందని ఎవరన్నారు?"

"నీ మొహమే అంటోంది."

యెకాతిత్ 20, గురువారం

నీళ్ళ క్యాను మోస్తూ పడ్డానని ఆస్పత్రిలో చెప్పాను. ఆ క్యాను ఖాళీది. నీళ్ళు రాలేదని ఒళ్ళు మండి, చూసుకోకుండా దిగుతున్నాను. ఫలితం, కుడి చేతికి ఆరు వారాల కట్టు. సరిగ్గా ఉపవాసం మొదలయ్యే ముందే విరగాలా ఇది! ఉల్లిపాయ తరగలేను, కుండ దించలేను, పప్పు కలపలేను.

తినడం మరీ సిగ్గు. ఎడమ చేత్తో రాస్తే ఎవరూ ఏమీ అనరు, ఎడమ చెయ్యి పళ్ళెంలో పెడితే కుక్కని చూసినట్టు చూస్తారు. అందుకని మూడింటికి మెకూరియా ఇంజెరా అట్టు తుంచి, కూరలో అద్ది, నా నోట్లో పెడుతున్నాడు. పెళ్ళినాడు పెట్టాడు ముద్ద, మళ్ళీ ఇప్పుడు. నాకు పెట్టినంత సేపు తనూ తింటాడనుకున్నాను. తినడం లేదు. నాకు రెండు, తనకి అర.

యెకాతిత్ 21, శుక్రవారం

టాక్సీల అడ్డా దగ్గర హోటల్లో షిరో తెచ్చాను. శనగపిండి నీళ్ళలో కలిపి కారం చూపించారు. మెకూరియా ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు, ఉమ్మెయ్యడం మర్యాద కాదని.

యెకాతిత్ 22, శనివారం

గుడి పక్క హోటలు. ఆకుకూర బాగుందనిపించింది. మెకూరియా వాసన చూసి గిన్నె పక్కకి నెట్టాడు.

"నెయ్యి."

"ఉపవాస వంట అని గోడ మీద పెద్దక్షరాలతో రాశారయ్యా."

"గోడకి నెయ్యి వెయ్యలేదు. కూరలో వేశారు."

మొన్నటిదాకా మాంసం వండిన పెనమేనట, మూడంటే మూడుసార్లే కడిగారట, ముక్కు చెబుతోందట. ఈ ముక్కుకున్న బలం ఆ కడుపుకి ఉంటే బాగుండేది.

ఇవాళ్టినుంచి ముస్లింల రంజాన్ కూడా మొదలైంది. మా కాలనీలో తినే మనిషే లేడు ఇక.

యెకాతిత్ 24, సోమవారం

రింగు రోడ్డు అవతల కొత్త కెఫే, బోర్డు మీద ఇంగ్లీషులో 'వీగన్' అని ఉంది. మాంసం, పాలు లేని తిండే అమ్ముతారని ఫార్మసీ అమ్మాయి చెబితే రెండు బళ్ళు మారి వెళ్ళాను. జంపఖానా లాంటి చొక్కా వేసుకున్న కుర్రాడు బాదం పాలు, రొట్టె మీద అవకాడో ఇచ్చాడు.

"వేడిగా పప్పు లేదా నాయనా?"

"అది మామూలు తిండి కదమ్మా."

అదీ నిజమే. మామూలు తిండి కోసమే ఇంత తిరుగుడు. అడిస్ అబాబా అని చిరునామాలో రాస్తున్నాం గానీ ఊరు కనిపించేది వంటింటి కిటికీలోంచే, అదీ మబ్బు లేని రోజున. పాత పేటలో అయితే గుమ్మం దాటితే నాలుగు ఉపవాసపు వంటిళ్ళు ఉండేవి. అది పడగొట్టారు, మాకు సర్కారు చీటీల డ్రాలో ఈ ఫ్లాటు వచ్చింది. వచ్చిన రోజు అందరం ఈలలు వేశాం.

రొట్టె చూసి మెకూరియా నవ్వాడు. నవ్వాడు కాబట్టి ఆ ప్రయాణం దండగ కాదు అని రాసుకుంటున్నాను. తినలేదు.

యెకాతిత్ 25, మంగళవారం

దొరికింది!

పదకొండింటప్పుడు మెట్లు దిగుతుంటే వాసన వచ్చింది. చుక్క నూనె లేకుండా ఉల్లిపాయని వట్టి కుండలో వేయించే వాసన. హోటలు వాళ్ళకి అంత ఓపిక ఎక్కడుంది? అరగంట కుండ దగ్గర నిలబడాలి. ముక్కు పట్టుకుని వెళితే, పక్క బ్లాకు వెనకాల అందరూ ఇంజెరా కాల్చుకునే షెడ్డులో తెల్ల ముసుగేసుకున్న ఒకావిడ. ముసుగు కట్టిన తీరు చూడగానే తెలిసింది, ముస్లిం అని. పేరు జెహరా, దెస్సె ఊరి వైపు మనిషి, నా ఈడుదే. కట్టుబడి పనివాళ్ళ కోసం వండుతోంది, ఉపవాసం ఉన్న రోజుల్లో వాళ్ళు ఇది తప్ప కొనరు కాబట్టి.

"కుండ?" అని అడిగాను. అడిగినందుకు సిగ్గేసింది.

"ఈ ఉపవాసం కోసమే కొన్నానక్కా. మాంసం మొహం చూడలేదు. మా ఇంటి పులుసు కుండ వేరే, లోపలుంది. కావాలంటే లోపలికొచ్చి చూసుకో."

చూడలేదు. చూస్తే ఇంకా సిగ్గు.

పప్పు ఉడికాక ఉప్పు దగ్గర ఇద్దరం ఆగిపోయాం. తను పొద్దు గుంకే దాకా రుచి చూడకూడదు, నేను మూడింటి దాకా. ఆకలి మీదున్న ఇద్దరు ఆడవాళ్ళం, మధ్యలో గరిటె. తను ఆవిరి మీద మొహం పెట్టి వాసన చూసి, "ఇంకో చిటికెడు" అని తనలో తనే అనుకుని వేసింది.

మెకూరియా మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. రెండోది పెట్టుకున్నాడు. నా నోటికి పెట్టడం మరిచిపోయాడు.

యెకాతిత్ 26, బుధవారం

మూడు ఇంజెరాలు తిన్నాడు. మూడు.

యెకాతిత్ 27, గురువారం

ఇది రాసుకోవాల్సిందే. అబద్ధం ఆడాను.

"ఎవరే ఈ తల్లి?" అన్నాడు నిన్న చెయ్యి నాకుతూ. పక్క బ్లాకులో ఒకావిడ అన్నాను. పేరడిగాడు. పాత పేటలో ముస్లిం ఇంటి కుండలోది ముట్టేవాడు కాదు. మాంసం కోసిన తీరు వేరు కదా, కుండకి అంటుతుందనేవాడు. పేరు చెబితే రేపు గిన్నె పక్కకి నెడతాడు. నలభై ఆరున్నర కిలోల మనిషి.

"జెనెబు" అన్నాను, మా క్రైస్తవుల్లో ఉండే పేరు.

అక్కడితో పోతుందనుకున్నాను. పోలేదు.

"బాప్తిస్మం పేరేంటి? ప్రార్థనలో చెప్పుకుంటాను. దేవుడి దగ్గర బయటి పేరు పనికిరాదు కదా."

అది నిజమే, మా గుళ్ళో అందరికీ రెండో పేరు ఉంటుంది, ప్రార్థనకి అదే. నోటికొచ్చింది చెప్పాను: వెలెత్తె గియోర్గిస్. అంటే పునీతుడు గియోర్గిస్ కూతురు. ఆయన పొద్దునా సాయంత్రం తూర్పుకి తిరిగి, "వెలెత్తె గియోర్గిస్ చేతుల్ని దీవించు తండ్రీ" అంటున్నాడు. నేను గోడ చూస్తున్నాను.

అడిగిందానికి జవాబిచ్చాను, అంతే. ఆయన 'ముస్లిమా' అని అడగలేదు.

మెగాబిత్ 1, సోమవారం

నలభై ఏడుంబావు. ఫార్మసీ తూకం.

మెగాబిత్ 5, శుక్రవారం

మెట్లు, గిన్నె, మెట్లు. కట్టు లోపల దురద. ఇవాళ శుక్రవారం నమాజు కాబట్టి గిన్నె ఆలస్యం. "వెలెత్తె గియోర్గిస్ శుక్రవారం గుడికి వెళుతుందనుకుంటా, భక్తురాలు" అన్నాడు మెకూరియా. అవునన్నాను. ఒక విధంగా అవునే.

జెహరా నా చెయ్యి చూసి గిన్నెకి గుడ్డతో పిడి కట్టింది, మోచేతికి తగిలించుకునేలా. "మీ ఇంట్లో రోగి ఎలా ఉన్నాడక్కా?" అని రోజూ అడుగుతుంది. తింటున్నాడని చెబుతాను. అల్‌హమ్‌దులిల్లా అంటుంది. ఆమె కడుపులో పొద్దున్నుంచి ఏమీ లేదు, అడిగేది ఈయన తిన్నాడా అని.

మెగాబిత్ 8, సోమవారం

నలభై ఎనిమిది! పొరుగు ఎతాగెన్ మెట్ల మీద చూసి, మొహం నిండిందంది. ఆయన మొహమా, నా మొహమా అని అడగలేదు.

మెగాబిత్ 10, బుధవారం

మెకూరియా వెలెత్తె గియోర్గిస్ పేరు కాగితం మీద రాసి గుడికి పంపించాడట, ఎతాగెన్‌తో. పూజలో చదివే పేర్ల జాబితాలో చేర్చమని. నాకు చెప్పకుండా! ఇప్పుడు లేని మనిషి పేరు గర్భగుడి దాకా వెళ్ళింది.

నిద్ర సరిగా లేదు. చెయ్యి నొప్పి వల్ల.

మెగాబిత్ 13, శనివారం

చెయ్యి నొప్పి వల్ల కాదు.

జెకారియాస్ తండ్రి వచ్చారు, సీసాలో మంత్రజలం పట్టుకుని. నాలుగంతస్తులు ఎక్కి, కుర్చీలో కూలబడి, చాలాసేపటికి గానీ మాట రాలేదు ఆయనకి. మెకూరియా తలమీద చల్లారు. వెళ్ళబోతుంటే ఈయన చెయ్యి పట్టుకున్నాడు.

"తండ్రీ, నన్ను నిలబెట్టింది వెలెత్తె గియోర్గిస్ వంట. ఆ ఇల్లు కూడా దీవించి వెళ్ళండి. అల్గానెష్, తీసుకెళ్ళు."

ముందు నేను, వెనక తండ్రి, ఆయన చేతిలో సీసా. మూడో అంతస్తు దాటాం. నేను పడిన చోటు వచ్చింది. అక్కడే మెట్టు మీద కూర్చుని మొత్తం చెప్పేశాను.

తండ్రి గడ్డం దువ్వుకున్నారు. "నలభై ఏళ్ళనుంచి పేర్లు చదువుతున్నానమ్మా. చచ్చినవాళ్ళవి చదివాను, దొంగలవి చదివాను. పుట్టనివాళ్ళవి చదవడం ఇదే మొదలు."

"పాపమా తండ్రీ?"

"కుండ కొత్తదా?"

"కొత్తదే."

"అయితే కుండలో పాపం లేదు. నీ నోట్లో ఉంది. వెళ్ళి వాడికి చెప్పు. చెయ్యి బాగయ్యాక నలభై సాష్టాంగాలు చెయ్యి, ఈ కట్టుతో వద్దు." మెట్లు దిగిపోతూ ఆగారు. "అది సరే గానీ, ఆవిడ పప్పు అంత బాగుంటుందా?"

పైకి వెళ్ళి చెప్పాను. మెకూరియా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మెగాబిత్ 14, ఆదివారం

తినలేదు. టీ, అవిసె గింజల నీళ్ళు.

గిన్నె మాత్రం తెచ్చాను. మామూలుగానే పక్కన కూర్చుని ఇంజెరా తుంచి నాకు పెట్టాడు, చివరి ముద్ద దాకా. తన నోటికి ఒక్కటీ పోలేదు.

మెగాబిత్ 15, సోమవారం

ఇవాళా అంతే. ఫార్మసీకి తీసుకెళతానంటే రానన్నాడు. తూకం చూడక్కర్లేదు, చొక్కా కాలరు చూస్తే చాలు.

వంట బాగోలేదా అని అడిగింది జెహరా. మిగిలిన గిన్నె చూసి కనిపెట్టింది. ఉప్పెక్కువైందా? తను రుచి చూడలేదు కదా, తన తప్పేమో అని. లేదు లేదు అన్నాను. రెండు ఇళ్ళలో రెండు రకాల అబద్ధాలు. అలిసిపోయాను. నిజంగా అలిసిపోయాను. ఈ చెయ్యి, ఈ మెట్లు, ఈ మొండి మనిషి.

మెగాబిత్ 16, మంగళవారం

మూడింటికి ముద్ద నా నోటి దగ్గరికి తెచ్చాడు. నేను నోరు మూసుకున్నాను.

"తెరువు."

"నువ్వు తింటే తెరుస్తాను."

"చిన్నపిల్లలా చెయ్యకు."

"నువ్వు చేస్తున్నదేంటి? అది పప్పు. పప్పు, ఉల్లిపాయ, కారం. ఎవరు కలిపితే ఏంటి? పాలు తాగమంటే తాగవు, పప్పు తినమంటే తినవు, నన్నేం చెయ్యమంటావు? ఈ చేత్తో నేను వండలేను! నువ్వు చచ్చిపోతే ఎవరు పెడతారు నాకు?"

అనేశాను. ఇన్నాళ్ళూ పుస్తకంలో కూడా రాయని మాట. ఏడ్చాను కూడా. ముద్ద ఆయన వేళ్ళ మధ్య ఎండిపోతోంది.

"పప్పు సంగతి కాదే" అన్నాడు చివరికి. "మొదట కోపం వచ్చింది, కుండ గురించే. ఒక పూట. తర్వాత పోయింది. కడుపుకి పట్టిన తిండి తిట్టకూడదు. కానీ పదహారు రోజులు ప్రార్థించాను అల్గానెష్. రోజుకి రెండుసార్లు. ఆ దీవెనంతా ఎక్కడికి పోయింది? దేవుడు ఆ పేరు పట్టుకుని బ్లాకు బ్లాకూ తిరిగుంటాడు, వెలెత్తె గియోర్గిస్ ఇల్లెక్కడ అని. నాకు అన్నం పెట్టినావిడకి ఒక్క దీవెన కూడా అందలేదు. ఆమె బాకీ తీర్చకుండా ఎలా తినను?"

నేను భయపడింది ఒకదానికి, ఆయన బాధపడింది ఇంకోదానికి.

"అసలు పేరేంటి?"

"జెహరా."

"పద."

"ఎక్కడికి? నాలుగంతస్తులు!"

ఒక్కో అంతస్తుకీ కూర్చున్నాం. షెడ్డు దగ్గరికి చేరేసరికి నాలుగు దాటింది. పనివాళ్ళు వెళ్ళిపోయారు, జెహరా కుండ కడుగుతోంది. నా పక్కన ఈయన్ని చూసి తడి చేతులతోనే లేచి నిలబడింది.

"మీరు జెహరానా?" అన్నాడు మెకూరియా.

"అవునన్నా."

"ప్రార్థనలో ఏ పేరు చెప్పాలి?"

ఆమెకి అర్థం కాలేదు. "జెహరాయే. మాకు ఒకటే పేరు. దేవుడు పిలిచినా అదే, కూరగాయలవాడు పిలిచినా అదే."

ఈయన అక్కడున్న పసుపు రంగు నీళ్ళ క్యాను తిరగేసి దాని మీద కూర్చున్నాడు. నేను ఆడిన అబద్ధం మొత్తం చెప్పాడు, ఏమీ దాచకుండా, నా ముందే. నేల చీలితే దూకేదాన్ని. జెహరా వింటూ వింటూ ముసుగు అంచు నోట్లో కుక్కుకుంది. కోపమో అనుకున్నాను. నవ్వు.

"మీది నయం అన్నా. నాకు మీ పేరే చెప్పలేదు అక్క. పొద్దు గుంకినప్పుడు మొదటి ఖర్జూరం చేతిలో పట్టుకుని అడిగింది దేవుడు కాదనడంటారు. రోజూ మీకోసం అడుగుతున్నాను, 'నాలుగో అంతస్తు మనిషికి నయం చెయ్యి' అని. మా బ్లాకులో నాలుగో అంతస్తాయన ఒకడున్నాడు. ఈ నెలలో వాడు ఎద్దులా తయారయ్యాడు!"

మెకూరియా నవ్వాడు. కడుపు పట్టుకుని, నొప్పి పుట్టేలా నవ్వాడు.

తినమని గిన్నె తెచ్చింది. వద్దన్నాడు, ఆకలి లేక కాదు. "మీరు వండి, ఆకలితో ఉంటే నేను తిన్నాను ఇన్ని రోజులూ. ఇవాళ మీతోనే." డాక్టరు వేళకి తినమన్నాడని నేను గొణిగాను. వినలేదు. ఎండ గోడ మీదినుంచి జారే దాకా ముగ్గురం కూర్చున్నాం, బస్సు రూట్ల గురించి, దెస్సె చలి గురించి మాట్లాడుకుంటూ. జెహరా తల్లి తరఫు వాళ్ళు సగం మంది గుడికి వెళ్ళేవాళ్ళేనట.

మసీదు నుంచి అజాన్ వినిపించింది. జెహరా ఖర్జూరం చేతిలోకి తీసుకుని, "మీ పేరేంటన్నా?" అంది.

"మెకూరియా."

పెదాలు కదిలాయి. తర్వాత తను తినలేదు. ఇంజెరా తుంచి, పప్పులో ముంచి, పెద్ద ముద్ద చేసి, సగంలో ఆగిపోయింది.

"నా చేత్తో పెడితే తింటారా అన్నా?"

"ఇన్నాళ్ళూ ఎవరి చేత్తో తిన్నాను?" అని మా ఆయన నోరు తెరిచాడు.

మెగాబిత్ 17, బుధవారం

మూడు ఇంజెరాలు. ఒళ్ళు నొప్పులు.

మెగాబిత్ 22, సోమవారం

వాళ్ళ రంజాన్ పండగ. జెహరా ఇంట్లో మాంసం కుండ పొయ్యి మీద, మా కుండ బయట షెడ్డులో. పండగ రోజున కూడా మాకు పప్పు వండింది. వద్దని అరిచాను. వినలేదు. మొండివాళ్ళే దొరుకుతారు నాకు.

మెగాబిత్ 26, శుక్రవారం

కుడి చేత్తో రాస్తున్నాను. ఎడమ చెయ్యే బాగా రాసేది అనిపిస్తోంది.

పొద్దున కట్టు విప్పారు. చెయ్యి ఎండిన బీరకాయలా ఉంది. అక్కడినుంచే డాక్టరు దగ్గరికి. మెకూరియాని తూకం మీద నిలబెడితే యాభై ఒకటి చూపించింది. డాక్టరు అనుమానంగా చూసి కోటు విప్పించాడు. కోటు జేబుల్లో జెహరా పెట్టిన ఖర్జూరాలు. విప్పాక యాభై. సరిగ్గా గీత మీద. డాక్టరు వంగి చూశాడు, నేనూ వంగాను. "సరే" అన్నాడు. మా ఈస్టరు పండగ దాటిన మంగళవారం ఆపరేషన్. భయంగా ఉంది. నిన్నటిదాకా చెయ్యరేమోనని భయం, ఇవాళ చేస్తారని.

మూడింటికి పళ్ళెం ముందు కూర్చున్నాం. అలవాటుగా ముద్ద నా నోటి దగ్గరికి తెచ్చాడు. నా చెయ్యి నాకొచ్చిందిగా అన్నాను. తెలుసు అన్నాడు. చెయ్యి దించలేదు. తిన్నాను.

తర్వాత గుడికి పంపించే కాగితం కొత్తది రాయమన్నాడు. జెహరా అని రాశాను. పూజలో చదవరేమో అన్నాను. జెకారియాస్ తండ్రి చదవకపోయినా జేబులో పెట్టుకుంటారులే, మొన్న మనింట్లో ఆ పప్పు రుచి చూశారు కదా అన్నాడు.

"మరి వెలెత్తె గియోర్గిస్ పేరు కొట్టెయ్యమంటావా?"

కాగితం మడిచి నా చేతికిచ్చాడు.

"వద్దు, ఉండనీ. ఆ పేరుగలావిడ ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. ఆ పదహారు రోజులూ చేతుల నొప్పులు ఎందుకు తగ్గాయా అని ఇప్పటికీ ఆలోచిస్తూ ఉంటుంది పాపం."